పిల్లల బ్యాండుకో పాట

నరసరావుపేటలో ఆగస్టు 15 పొద్దున ఏ వీధిలో నిలబడ్డా ఏదో ఒక బడి బ్యాండు చెవిన పడుతుంది. ముందు పెద్ద డ్రమ్ము వినపడుతుంది. తర్వాత కూడా అదే వినపడుతుంది. చాలాసేపటికి గాని దాని వెనక ఒక పాట నడుస్తున్నదని తెలియదు.

ఆమధ్య నేను నిలబడ్డ వీధిలోకి వచ్చిన బ్యాండులో ఇరవై ఇద్దరు పిల్లలున్నారు. పనిలేనివాణ్ణి గనక లెక్కపెట్టాను. ఎనిమిది సైడు డ్రమ్ములు, ఒక పెద్ద డ్రమ్ము, రెండు జతల తాళాలు, నాలుగు బ్యూగిళ్ళు, నాలుగు ఫ్లూట్లు, రెండు క్లారినెట్లు, ఒక ట్రయాంగిలు. వాయించినవి మూడు. మొదటిది ‘సారే జహాఁసే అచ్ఛా’. రెండోది సినిమాపాట. అది ఏ సినిమాలోదో పల్లవి అయిపోయేదాకా పోల్చుకోలేకపోయాను. లోపం నా చెవిది కాదని పక్కాయన కూడా ఒప్పుకున్నాడు. మూడోది మళ్ళీ మొదటిదే.

పిల్లల్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్ళు అడుగు తప్పలేదు. బూట్లు తళతళలాడుతున్నాయి. చెమట కళ్ళల్లోకి కారుతున్నా ఒక్కడూ చెయ్యెత్తి తుడుచుకోలేదు. తప్పు పాటను ఎంచినవాళ్ళది. సంగీత విమర్శ రాసే పెద్దలు కచేరీలకు వెళతారు గాని బడి బ్యాండు వెంట నడవరు. అందుకే ఈ ఎంపిక గురించి ఎవరూ ఎవర్నీ ఇంతవరకూ అడగలేదు.

సినిమాపాట ఒక గొంతు కోసం పుడుతుంది. ఘంటసాలకో సుశీలకో కొలతలు తీసి కుట్టిన చొక్కా అది. తెచ్చి ఎనిమిదో తరగతి కుర్రాడికి తొడిగితే చేతులు మోకాళ్ళ దాకా వేలాడతాయి. పైగా క్లారినెట్లో ఒక మెలిక ఉంది. కింది స్థాయి నించి పై స్థాయికి దాటేచోట, అంతవరకూ దాదాపు కన్నాలన్నీ తెరిచి ఊదుతున్నవాడు ఒక్క మెట్టు పైకి వెళ్ళాలంటే అన్నీ ఒక్కసారిగా మూసి, ఎడమ బొటనవేలితో వెనక మీట నొక్కాలి. ఒక్క కన్నం సరిగా మూతపడకపోయినా కీచుమంటుంది. ఆనాటి పాట చరణంలోకి ఎగిరింది సరిగ్గా అక్కడే. క్లారినెట్లు రెండూ కీచుమన్నాయి. మాస్టారు కళ్ళు పెద్దవి చేశాడు. పెద్ద డ్రమ్ము ఇంకాస్త గట్టిగా మోగింది. మన బడి బ్యాండుల్లో పెద్ద డ్రమ్ము చేసే అసలు ఉద్యోగం అదే, పరువు కాపాడటం!

ఇక బ్యూగిలు సంగతి. దానికి కన్నాలు లేవు, మీటలు లేవు. పెదవుల బిగువు మార్చుకుంటూ ఊదితే పలికేవి ప్రధానంగా అయిదు స్వరాలు: స, ప, పై స, దాని మీద గ, ప. రిషభం లేదు, మధ్యమం లేదు, ధైవత నిషాదాలు లేవు. అలాంటి వాయిద్యం చేతికిచ్చి పాట అనుసరించమంటే వాడేం చేస్తాడు? పాట ఎటు పోయినా ‘పా... సా...’ అంటూ నిలబడతాడు. కానీ ఒకటుంది. సైనికుల అంత్యక్రియల్లో ఊదే ‘లాస్ట్ పోస్ట్’ ఆ కాసిని స్వరాలతోనే కట్టింది. విన్నవాళ్ళ గొంతులో ఏదో అడ్డం పడుతుంది. స్వరాలు తక్కువైనంత మాత్రాన పాట తక్కువైపోదు. ఉన్న స్వరాలను ఎరిగి కట్టాలి, అంతే.

నా మాటకొస్తే, బడిలో రెండేళ్ళు ట్రయాంగిలు వాయించాను. నాలుగడుగులకొకసారి ‘టింగ్’. ఏ పాటకు టింగంటున్నానో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మూడో ఏడు మానేస్తే, మానేసినట్టు కూడా ఎవరికీ తెలియలేదు. మానేసినందుకు కాదు గాని, తెలియనందుకు ఇప్పటికీ కాస్త గుచ్చుకుంటుంది.

మన సన్నాయి మేళంలో చిన్నవాడికి ఈ గతి పట్టలేదు. ఎందుకో చూడండి. చిలకలూరిపేట నాదస్వరానికి పేరుపడ్డ ఊరు. షేక్ చినమౌలానా సాహెబు అంతటివాడు ఆ ఊరి ఆదం సాహెబు దగ్గర శుశ్రూష చేసినవాడే. ఆ మేళంలో కొత్తగా చేరిన కుర్రాడి చేతికి మొదట ఒత్తు ఇచ్చేవారు. ఒకటే స్వరం, శ్రుతి. ముక్కుతో గాలి పీలుస్తూ, బుగ్గల్లో దాచిన గాలితో తెంపులేకుండా ఊదుతూ ఉండాలి. పని ఒక్క స్వరమే అయినా, పెద్ద విద్వాంసుడి రాగమంతా నిలబడేది దాని మీదే. కుర్రాడు తప్పితే విద్వాంసుడు వెనక్కి తిరిగి చూస్తాడు. ఆ చూపు చాలు, తన లెక్క ఒకటి ఉందని వాడికి తెలియడానికి. రాత్రల్లా ఊదుతూ ఊదుతూ రాగాలు వింటాడు, అదీ చదువే. మా ట్రయాంగిలుకు ఆ చూపు కూడా దక్కలేదు.

బ్యాండు సంగీతం మనది కాదు, మన చేతిలో ఇంతకన్నా ఏమవుతుంది అనేవాళ్ళున్నారు. వాళ్ళకు ముత్తుస్వామి దీక్షితుల్ని చూపించాలి. చెన్నపట్నం దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో ఆయన కోటలో తెల్లవాళ్ళ బ్యాండు విన్నాడు. విని ముఖం తిప్పుకోలేదు. ఆ వరసలకు సంస్కృతంలో సాహిత్యం కట్టాడు. అవే నొట్టుస్వరాలు, ముప్ఫై తొమ్మిది దాకా ఉన్నాయి. ‘సంతతం పాహిమాం’ వరస ఇంగ్లీషువాళ్ళ రాజగీతానిదే. అన్నీ శంకరాభరణంలో, గమకాల బరువు లేకుండా, పొట్టిగా ఉంటాయి. సంగీతం నేర్చే చిన్నపిల్లలు ఇవాళ్టికీ పాడతారు. బ్యాండు నించి వచ్చిన పాటలు, పిల్లల నోటికి సరిపోయిన పాటలు, మన బడి బ్యాండుల దగ్గర తప్ప అన్నిచోట్లా వినపడతాయి. ఇదేం విడ్డూరమో!

దేశాంతరాల్లో, ముఖ్యంగా అమెరికాలో, బడుల్లో కాన్సర్టు బ్యాండని ఒకటుంటుంది. అది కవాతు చెయ్యదు. కుర్చీల్లో కూచుని, ఎదుట స్వరాల కాగితం పెట్టుకుని, పాటే ముఖ్యమని వాయిస్తుంది. దాని కోసం ప్రత్యేకంగా సంగీతం రాసి, ఒకటి నించి ఆరు దాకా తరగతులు కట్టి అచ్చేస్తారు. తొలిమెట్టు పాటలు ఆరేడు స్వరాలు దాటవు. ఇందాక చెప్పిన క్లారినెట్టు మెలిక దగ్గరికే పోవు. మన పెద్దలకూ ఈ ఎరుక లేకపోలేదు. పిల్లలకు చెప్పే పిళ్ళారి గీతాలు మలహరిలో ఉంటాయి, మలహరికి నిషాదమే లేదు. అయితే అక్కడ అచ్చయ్యేదంతా బంగారమూ కాదు. చాలావాటిలో ఒకటే ఆరంభం, ఒకటే ఆర్భాటం, అచ్చులో పోసిన ఇటుకలు. పైవరసవాడికి పాట, కిందివరసవాడికి మోత, అక్కడా ఆ పద్ధతి ఉంది.

ఆ పద్ధతిని తలకిందులు చేసినవాడు గుస్తావ్ హోల్‌స్ట్. ఈయన పేరు మనకు తెలిసి ఉండాల్సింది. సంస్కృతం నేర్చుకుని ఋగ్వేద సూక్తాలకు స్వరాలు కట్టాడు, సావిత్రి కథతో సంగీత నాటకం రాశాడు. 1905 నించి చనిపోయిన 1934 దాకా లండనులో ఒక ఆడపిల్లల బడిలో సంగీతం పంతులు. ఆ పిల్లల తీగవాద్యాల మేళం కోసం రాసిన ‘సెయింట్ పాల్స్ సూట్’ను పెద్ద పెద్ద మేళాలు కూడా వాయిస్తాయి. పిల్లల కోసమని నీళ్ళు కలపలేదన్నమాట. 1909లో సైనిక బ్యాండుకు రాసిన ఆయన మొదటి సూట్ ఎలా మొదలవుతుందనుకున్నారు? మామూలుగా వెనక కూచుని ‘భోం భోం’ మనే ట్యూబా, యుఫోనియంలు వాటంతటవే పాట ఎత్తుకుంటాయి. ఎనిమిది కొలతల చిన్న వరస. తక్కినవాళ్ళంతా వాళ్ళ పాటనే అందుకుని తిరగేసి మరగేసి వాయిస్తారు. అది రాసింది పిల్లలకు కాదు గాని, ఇవాళ ఎన్నో హైస్కూలు బ్యాండులు దాన్ని వాయిస్తాయి. నేను మొదటిసారి విన్నప్పుడు నా ట్రయాంగిలు గుర్తుకొచ్చింది, సిగ్గులేకుండా చెబుతున్నాను.

పల్నాటిలో వరసలకు కరువా? కార్తీకంలో కారెంపూడి వెళితే రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అంటూ అయిదు రోజులు వీరుల తిరునాళ్ళు. మాచర్ల గురజాలల పగ కథ వీరవిద్యావంతుల నోట ఇంకా బతికుంది. శ్రీనాథుడి పేర చెలామణీ అయ్యే పల్నాటి వీరచరిత్ర ద్విపద. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, నాలుగే గదా, నాలుగడుగుల కవాతులో ఒదుగుతుందనుకునేరు. ఇంద్రగణానికి నాలుగో అయిదో మాత్రలు, చివరి సూర్యగణానికి మూడే. దానికి అడుగేస్తే ఎడమకాలు కుడికాలవుతుంది. కూచుని వాయించాలి. ఆ చివరి మూడు మాత్రలు పెద్ద డ్రమ్ము కుర్రాడికిచ్చి, ‘పాదం ముగించేవాడివి నువ్వే, నువ్వు మోగితే గాని తర్వాతి పాదం లేవదు’ అని చెబితే వాడెలా వాయిస్తాడో వినాలని ఉంది.

ఈ మాటలన్నీ ఒక బ్యాండు మాస్టారితో అన్నాను. పెళ్ళిళ్ళకు మేళం కట్టి, రెండు మూడు బళ్ళలో పిల్లలకు నేర్పే మనిషి. ఓపిగ్గా విన్నాడు.

“బాగానే ఉందయ్యా. బళ్ళో వాళ్ళడిగేది లైను తప్పకుండా నడవటం. పాట సంగతి ఎవరడిగారు? నాకు తెలిసింది పెళ్ళిలో వాయించే పాటలు. అవే నేర్పుతా. పిల్లకాయలకని రాసిన పాట ఇంతవరకు నా చేతికి ఎవరిచ్చారు చెప్పండి?”

దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. నొట్టుస్వరాలు నాలుగు రాసిస్తే నేర్పుతారా అన్నాను.

“బ్యూగిలుకు విడిగా రాయాలి, మరి. వాడికి అయిదే పలుకుతాయి. ఫ్లూటుకు వేరే, క్లారినెట్టుకు వేరే. ఆషాఢంలోనే తెచ్చియ్యండి. ముహూర్తాలుండవు, రోజూ సాయంత్రం కూచోబెడతా. శ్రావణం వచ్చిందంటే నేను దొరకను.”