మూసిందెవరు?

కాలువకు నీళ్లు రాకపోతే మా తొగుట దిక్కు పాత రైతు అడిగేది ఒక్కటే: నీరటి తూము మూసిండా, ఎక్కడన్నా గండి పడ్డదా? 2022 ఫిబ్రవరిలో 50 టీఎంసీల మల్లన్నసాగర్ జలాశయం ప్రారంభమయ్యాక కూడా ఆ ప్రశ్న మారలేదు. నెట్‌వర్కుకూ నీళ్లకూ ఇక్కడ చుట్టరికం ఉంది లెండి. మిషన్ భగీరథ తాగునీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఇంటర్నెట్ ఇచ్చే టీ-ఫైబర్ తీగలూ పరిచారు.

నెట్‌వర్కులో డేటా ఆగితే మాత్రం రౌటర్ ఆ ప్రశ్నకు తనే జవాబు చెబుతుంది. ప్రతి పోర్టుకూ రెండు స్థితులు రాసుకుంటుంది: మనిషి ఏం కోరాడు, నిజంగా ఏం జరుగుతోంది. సిస్కోలో 'షట్‌డౌన్' కొడితే 'అడ్మినిస్ట్రేటివ్‌లీ డౌన్' అని చూపిస్తుంది, అంటే చేజేతులా మూసిందే. ఒట్టి 'డౌన్' అని ఉంటే తీగ వెంట పోయి వెతకాలి. తెరవడానికి 'నో షట్‌డౌన్'. సిస్కో రౌటర్ పోర్టులు మొదట మూసే ఉంటాయి, స్విచ్‌వి తెరిచే ఉంటాయి. ఈ తేడా కొత్తవాళ్లను బాగా తిప్పలు పెడుతుంది.

ల్యాప్‌టాప్‌లో నడిపే వర్చువల్ రౌటర్లతో సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. అసలు తీగ ఉన్నచోట ఈ కొన మూస్తే ఆ కొనలో దీపం వెంటనే ఆరిపోతుంది. వర్చువల్ ల్యాబుల్లో చాలాసార్లు అలా జరగదు. ఇక్కడ పోర్టు మూసినా అవతలి రౌటర్ తన పోర్టు బాగానే ఉందనుకుంటుంది. రౌటర్లు దారులు చెప్పుకునే ఓఎస్‌పీఎఫ్ ప్రొటోకాల్ నడుస్తుంటే పది సెకన్లకోసారి రావలసిన 'హలో' సందేశం రాక, 40 సెకన్లు చూసి, అప్పుడు గానీ పొరుగు రౌటర్‌పై ఆశ వదులుకోదు. అందాకా ప్యాకెట్లు పోయి పోయి మాయమవుతూనే ఉంటాయి. ఆ 40 సెకన్లు కళ్లారా చూస్తే వచ్చే తెలివి ఏ పుస్తకం చదివినా రాదని నా నమ్మకం.

మనం లోపలికి వచ్చిన పోర్టునే మూసుకోవడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్‌కు దాదాపు అలాంటిదే జరిగింది. నిర్వహణ కోసం ఇచ్చిన ఒక ఆదేశంతో డేటా సెంటర్లను కలిపే నెట్‌వర్కే తెగిపోయింది. దూరం నుంచి లోపలికి పోయే దారి లేక ఇంజినీర్లను అక్కడికే పంపారు; సేవలు సుమారు ఆరు గంటలు ఆగాయి. జునిపర్ రౌటర్లలో దీనికో విరుగుడుంది: 'కమిట్ కన్ఫర్మ్‌డ్'. పది నిమిషాల్లో మళ్లీ ఖాయం చేయకపోతే పాత అమరికే తిరిగొస్తుంది.

ఇంతా చేసి, 'అడ్మినిస్ట్రేటివ్‌లీ డౌన్' అన్న స్థితి మనిషి మూశాడని చెబుతుంది గానీ ఎవరు, ఎందుకన్నది చెప్పదు. అందుకే షట్‌డౌన్‌కు ముందు ఆ పోర్టు డిస్క్రిప్షన్‌లో పేరు, తేదీ, కారణం, మళ్లీ ఎప్పుడు తెరవాలో రాస్తాను. నేనొక్కడినే వాడుకునే ల్యాబులో కూడా.