సూరత్ తేదీల పట్టీ

సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగులో కూడా బడులు నడుపుతుందని మన వైపు చాలామందికి తెలియదు. ఇక్కడి అలాంటి ఒక బడి నుంచి ఈ వారం ఒక టీచరమ్మ ఫోన్ చేశారు. పొద్దున ప్రార్థన అయ్యాక పిల్లల్లో ఒకరు నల్లబల్ల మీద ‘చరిత్రలో ఈరోజు’ రాసి, అందరికీ వినబడేట్టు చదువుతారట. ఇన్నాళ్ళూ ఫోన్లో వచ్చినవే రాస్తున్నారు. ఎక్కడో రాకెట్ ఎగిరింది, ఎవరో నటుడు పుట్టాడు. “మా పిల్లలు పుట్టింది ఈ ఊళ్ళో సార్. ఈ ఊరి తేదీలు కావాలి. అందులో మనవాళ్ళ సంగతులుంటే ఇంకా మంచిది. ఒక పట్టీ రాసిస్తారా?” అన్నారు.

ఇంత సంతోషం కలిగించిన ఫోను ఈమధ్య రాలేదు. ఈ కాలమ్ చదివేవారికి తేదీల విషయంలో నా పట్టుదల కొత్త కాదు. సెప్టెంబరు 17 వచ్చిందంటే అది విమోచనమా, విలీనమా అని మనం ఏటా వాదించుకుంటాం. ఎంత వాదించుకున్నా హైదరాబాద్ లొంగిపోయింది 1948లో ఆ రోజేనన్న దగ్గర ఎవరికీ పేచీ లేదు. ఆ ఒక్క గట్టి నేల ఉంది కాబట్టే మిగతా వాదన సాగుతోంది. అందుకే పదే పదే రాస్తుంటాను: తేదీ చెప్పేవాడు అది ఏ క్యాలెండర్ ప్రకారమో చెప్పాలి, ఎవరు రాసిపెట్టారో చెప్పాలి. అవి రెండూ లేని తేదీని నేను పట్టీలోకి రానివ్వను.

మొదట శివాజీతో మొదలుపెట్టాను. సూరత్ చరిత్ర అనగానే ఎవరైనా అక్కడికే వెళతారు. 1664 జనవరి 6న శివాజీ సేన ఊరి మీద పడింది. మొగలాయి అధికారి ఇనాయత్ ఖాన్ కోటలోకి పోయి తలుపులు వేసుకున్నాడు. నాటి ప్రపంచంలోనే పెద్ద ధనవంతుల్లో ఒకడైన వీర్జీ వోరా ఇల్లు లూటీ అయింది. జార్జ్ ఆక్సెండెన్ నాయకత్వంలో ఇంగ్లీషు వర్తకులు తమ కొట్టిడిని కాచుకున్నారు. 10వ తేదీన శివాజీ వెళ్ళిపోయాడు. పుస్తకాల్లో ఇలాగే ఉంటుంది, ఇంతవరకు నిజమే. అయితే ఈ జనవరి 6 ఇంగ్లీషువారి లెక్క. వాళ్ళు అప్పటికింకా పాత జూలియన్ క్యాలెండర్ వాడుతున్నారు, 1752 దాకా దాన్ని వదల్లేదు. అదే ఊళ్ళో పక్కనే వ్యాపారం చేస్తున్న డచ్చివారు కొత్త గ్రెగోరియన్ క్యాలెండర్‌కి మారిపోయారు. వాళ్ళకు ఆ బుధవారం జనవరి 16. మన గోడ మీద ఇవాళ వేలాడేది డచ్చివారు వాడిన ఆ క్యాలెండరే. ఇంకో చిక్కు కూడా ఉంది. నాటి ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి ఇంగ్లీషు గుమాస్తా చేతిరాతలో ఆ జనవరి 1663లోనే ఉంటుంది. ఒకే ఊరు, ఒకే లూటీ, పక్కపక్క వీధుల్లో రాసుకున్న రెండు దస్త్రాలు. తేదీలు చూస్తే రెండు వేర్వేరు సంఘటనలనుకుంటాం.

మా ఇరుగుపొరుగు మరాఠీలకు ఈ చిక్కు బాగా తెలుసు. శివాజీ జయంతి ఏటా రెండుసార్లు జరుగుతుంది. ఫిబ్రవరి 19న ప్రభుత్వం లెక్క ప్రకారం ఒకసారి, ఫాల్గుణ బహుళ తదియ నాడు తిథి ప్రకారం ఇంకోసారి. ఆ ఫిబ్రవరి 19, 1630 కూడా పాత క్యాలెండర్‌దే. ఇవాళ్టి లెక్కలోకి మారిస్తే మార్చి 1 అవుతుంది. అయినా రెండు రోజులూ డోళ్ళు మోగుతాయి, రెండు రోజులూ కాషాయ జెండాలు ఎగురుతాయి.

ఇలాంటి చిక్కులు విప్పడంలో శాసనాలు చదివేవాళ్ళ పద్ధతి నాకు చాలా ఇష్టం. మన రాజులు రాతి మీద శక సంవత్సరం, మాసం, పక్షం, తిథి, వారం అన్నీ చెక్కించారు. ఆ తిథి నాడు నిజంగా ఆ వారమే పడిందా అని సరిచూస్తే తేదీ నిలుస్తుందో లేదో తేలిపోతుంది. పడకపోతే చెక్కినవాడి చెయ్యి తప్పిందనో, శాసనం తర్వాతి కాలంలో పుట్టించిందనో అనుమానించాలి. ఈ సరిచూపు కోసం ఎల్.డి. స్వామికన్ను పిళ్ళై ‘ఇండియన్ ఎఫెమెరిస్’ కట్టారు. క్రీ.శ. 700 నుంచి 1799 వరకు లెక్కలతో మద్రాసు ప్రభుత్వం 1922లో దాన్ని అచ్చువేసింది. కంప్యూటర్ లేని కాలంలో పదకొండు వందల ఏళ్ళ రోజులు లెక్కకట్టిన ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాలి.

ఆ తర్వాత పట్టీ చకచకా సాగింది. 1837 ఏప్రిల్ 24: మచ్ఛలీపీఠ్‌లో కాగుతున్న తారు అంటుకుని ఊరు రోజుల తరబడి కాలింది, అయిదు వందల మందికి పైగా పోయారు. 1907 డిసెంబరు 27: నాగపూర్‌లో జరగాల్సిన కాంగ్రెస్ మహాసభ ఇక్కడికి మారి, తిలక్ వేదికెక్కి కదలనన్న గొడవలో ఎవరో విసిరిన చెప్పు సురేంద్రనాథ్ బెనర్జీకీ ఫిరోజ్‌షా మెహతాకీ తగిలి, సభ చీలిపోయింది. 1922 ఫిబ్రవరి 12: ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న బార్డోలీలో కాంగ్రెస్ కార్యవర్గం సహాయ నిరాకరణ ఆపేసింది. కారణం చౌరీచౌరా ఘటన. అది జరిగింది ఫిబ్రవరి 4నే అయినా ఎన్నో పాఠ్యపుస్తకాలు 5 అనే అచ్చువేశాయి. గుంటూరు జిల్లా పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి వెనుక పన్ను కట్టకుండా నిలబడ్డ రైతుల పోరాటం కూడా ఆ నెలలోనే ఆగిపోయింది. మన పిల్లలకు బార్డోలీ అంటే పటేల్ ఒక్కడే గుర్తొస్తే సరిపోదు, పెదనందిపాడు కూడా గుర్తుకు రావాలి. 1930 ఏప్రిల్ 1: దండి నడకలో గాంధీ సూరత్ చేరారు. వెంట నడిచినవారిలో ఆంధ్ర నుంచి ఎర్నేని సుబ్రహ్మణ్యం ఉన్నారు. ఇది తప్పకుండా పెద్దక్షరాల్లో రాయించాలని గుర్తు పెట్టుకున్నాను.

ప్లేగు దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది.

కాగితాల్లో తేదీ ఉంది, 1994 సెప్టెంబరు 21. ఆ సాయంత్రం నుంచి మాట పాకింది. టెట్రాసైక్లిన్ గోళీలు దుకాణాల్లో మాయమయ్యాయి. ప్రైవేటు డాక్టర్లు చాలామంది తలుపులు మూసి వెళ్ళిపోయారు. ముక్కుకు రుమాళ్ళు కట్టుకున్న జనంతో రైల్వే స్టేషన్ నిండిపోయింది. కొద్ది రోజుల్లో లక్షల మంది ఊరు విడిచారు. చివరికి దేశం మొత్తం మీద చనిపోయినవారు యాభై పైచిలుకు అని తేలింది. కానీ ఆ వారం ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకు అలాంటి లెక్క అందలేదు, అందినా నమ్మేవారు కాదు.

వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి సాంచాల (మరమగ్గాల) పని కోసం వచ్చి లింబాయత్, ఉధనా పేటల్లో స్థిరపడ్డ మనవాళ్ళు ఆ వారం ఏం చేశారన్నది పుస్తకాల్లో దాదాపు లేదు. అందుకని మా వీధి చివర పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె గుమ్మంలో కూర్చుని ఒళ్ళో చీర పరుచుకుంది. పక్కన పళ్ళెంలో మెరుపు రాళ్ళు, చిన్న సీసాలో జిగురు. అంచు మీద జిగురు చుక్క పెట్టడం, పుల్లతో రాయి తీసి దాని మీద కూర్చోబెట్టడం, వేలితో ఒకసారి నొక్కి పక్కకు జరపడం. నేను అడిగినదానికి జవాబిస్తున్నంతసేపూ ఆ వేలు ఆగలేదు.

“తేదీ నాకేడ యాదికుంటది బిడ్డా? గణపతులను నీళ్ళల్ల ఏసి వచ్చినం. నాలుగొద్దులకే లొల్లి లేసింది. మా ఇంటాయన రాత్రి పనిల ఉన్నడు, తెల్లారకముందే సాంచ బందు చేసి ఉరికొచ్చిండు. పిల్లలను పట్టుకొని టేషన్‌కు పోయినం. బండి ఎక్కుడు కాదది, లోపటికి నూకుడే.”

ఆ బండి నవజీవన్ ఎక్స్‌ప్రెస్. తపతి లైను మీదుగా భుసావల్, వార్ధా, బల్లార్షా దాటి వరంగల్ చేరుస్తుంది. సూరత్ తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళూ చావులూ దాని వేళలతోనే ముడిపడి ఉంటాయి. పెద్దమ్మ చెప్పింది అక్కడితో అయిపోలేదు. ఊరు చేరాక ఊరివాళ్ళు వీళ్ళను లోపలికి రానివ్వలేదు. సూరత్ నుంచి వచ్చినవాళ్ళంటే గాలి కూడా సోకగూడదన్నంత భయం. పొలం దగ్గర కొట్టంలో ఉన్నారు.

“బతుకమ్మ అచ్చింది. పిల్లలు పూలు తెచ్చిన్రు. నడుమ పెట్టి ఆడుదామంటే మమ్ముల రానియ్యలే. చెరువు అవతల కట్టకు మేము మూడిండ్లోళ్ళం వేరే పేర్చుకొని ఆడుకున్నం. సద్దుల నాటికి ఎవరికీ ఏం గాలేదని చూసి అప్పుడు పిలిచిన్రు.”

ఇంటికి వచ్చి పంచాంగం తీశాను. అది భావ నామ సంవత్సరం. భాద్రపద పున్నమి సెప్టెంబరు 19 రాత్రికి పడింది. నిమజ్జనాలు దానికి ముందే అయిపోయాయి. ఆ తర్వాత ఆమె చెప్పిన నాలుగొద్దులు లెక్కపెడితే సరిగ్గా 21, 22 తేదీల దగ్గరికి వస్తుంది. అక్టోబరు మొదటి వారంలో మహాలయ అమావాస్య, అక్కడి నుంచి బతుకమ్మ. శాసనంలో తిథీ వారమూ కలిసినట్టు ఆమె మాటా దస్త్రమూ కలిశాయి. అంతేకాదు, దస్త్రంలో లేని ముగింపు ఆమె మాటలో ఉంది. కాగితం మీద ప్లేగు సెప్టెంబరు 21న మొదలైంది. ఆ కుటుంబాలకు అది సద్దుల బతుకమ్మ నాడు, ఊరివాళ్ళు పిలిచిన సాయంత్రం ముగిసింది. ఆ ముగింపు తేదీ ఏ ఆఫీసులోనూ రాసి ఉండదు.

వరద సంగతీ ఇంతే. 2006 ఆగస్టు 7 రాత్రి ఉకాయి డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళు తాపీ గట్టు దాటి ఊళ్ళోకి వచ్చాయి. ఆ వరద ఉధృతిలో డ్యామ్ నుంచి సుమారు తొమ్మిది లక్షల క్యూసెక్కులు వదిలారు. అడాజణ్ వైపు కొన్ని గోడల మీద నీటి మట్టం గీత గీసి పక్కన ‘2006’ అని రాసి ఉండేది. తెలుగువాళ్ళను అడిగితే ఆగస్టు 7 అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. “నూలు పున్నమికి ముందు” అన్నారు అందరూ. ఆ ఏడు పున్నమి ఆగస్టు 9. పద్మశాలీలు కొత్త జంధ్యం వేసుకునే రోజు. మేడల మీద చిక్కుకున్నవాళ్ళు పాత జంధ్యాలతోనే ఉండిపోయారనీ, నీళ్ళు తీశాక మార్కండేయుడికి దండం పెట్టుకుని మార్చుకున్నారనీ చెప్పారు.

తేదీకి రాసినవాడు కావాలని నేను ఇన్నేళ్ళు పట్టుబట్టాను. ఆక్సెండెన్ దగ్గర గుమాస్తా ఉన్నాడు, డచ్చివారి దగ్గర దస్త్రం ఉంది. వీర్జీ వోరా పొరుగున మగ్గం నేసుకుంటూ ఆ బుధవారం పరుగెత్తినవాడి దగ్గర ఏముంది? పండగ ఉంది. తన రోజును వాడు దాని పక్కన కట్టుకున్నాడు. అందుకని పట్టీలో ఈ రెండింటికీ క్యాలెండర్ తేదీ మొదట పెట్టలేదు. ప్లేగు బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల నాడు, వరద నూలు పున్నమి నాడు బల్ల మీదికి రావాలి. ఏటా తేదీ మారినా పరవాలేదు. సెప్టెంబరు 21, ఆగస్టు 7 కింది వరసలో చిన్నక్షరాల్లో ఉంటాయి. ఎవరైనా నా పాత వ్యాసాలు చూపించి ఇదేమిటంటే, ఇప్పుడు నేను నిలబడేది దీని దగ్గరే.

ఇంకొకటి మాత్రం ఏ వరసలోనూ ఇమడలేదు. ప్లేగు తర్వాతి ఏడాది, 1995 మేలో, మన తెలుగువారు సూర్యదేవర రామచంద్రరావు మున్సిపల్ కమిషనర్‌గా వచ్చారు. ఊరంతా ఎస్.ఆర్. రావు అనే పిలిచింది. అధికారులు ఏసీ గది వదిలి రోజూ వీధిలోకి వెళ్ళి చూసిరావాలన్నారు. రాత్రిపూట రోడ్లు ఊడ్చే పద్ధతి పెట్టించారు. అక్రమ కట్టడాలు కూల్చినప్పుడు పెద్దవాళ్ళవి వదిలిపెట్టలేదు. పేదల పేటల్లో సందులకు రాళ్ళు పరిపించారు. రెండేళ్ళు తిరగకముందే చండీగఢ్ తర్వాత దేశంలో శుభ్రమైన నగరం సూరత్ అని ఇన్‌టాక్ సంస్థ చెప్పింది. 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఊరు తగలబడిన రోజు ఉంది, లూటీ అయిన రోజు ఉంది, చెప్పు ఎగిరిన రోజు ఉంది, నీళ్ళు వచ్చిన రాత్రి ఉంది. ఊరు శుభ్రపడిన రోజు మాత్రం లేదు. అది నెలల తరబడి ప్రతి రాత్రీ జరిగింది.

ఆ పనిలో ఉన్నవాళ్ళు, ఆ పని కళ్ళారా చూసినవాళ్ళు ఈ పాఠకుల్లో ఉన్నారని నాకు తెలుసు. తేదీ గుర్తులేదని ఆగిపోకండి. ఏ సందు, రాత్రి ఎన్నింటికి మొదలుపెట్టేవారు, చీపురూ తట్టా ఎవరిచ్చేవారు, చెత్త బండి ఎటు వెళ్ళేది, పొద్దున లేచిన జనం మొదట ఏమన్నారు, ఇవి చాలు. ఒక పోస్టు కార్డులో పట్టేంత రాసినా సరే, పత్రిక చిరునామాకు పంపండి.