ప్రకటనల కాగితంలో ఎవరున్నారు? అనంతగిరి కొండల్లో ఒక సంఘం గురించి

చర్చి ప్రసంగాల మీద విమర్శలు వచ్చాయి. కీర్తనల మీద పరిశోధనలు జరిగాయి. ప్రసంగం అయ్యాక సంఘ కార్యదర్శి లేచి కళ్లజోడు సర్దుకుని చదివే ప్రకటనల్ని మాత్రం మనవాళ్లెవరూ విమర్శకు తగిన రాతగా చూడలేదు. ఎవరింట్లో ప్రార్థన కూటం, ఎవరి బిడ్డకు బాప్తిస్మం, కోతపండుగ ఎప్పుడు, స్త్రీల మైత్రి సభ ఎక్కడ, ఇవేగా అని వదిలేశాం. ఒక సంఘం తన గురించి తాను ఏమనుకుంటోందో తెలియాలంటే ప్రసంగం కంటే ప్రకటనలే నమ్మదగిన సాక్ష్యమని మాకు చాలాకాలంగా అనిపిస్తోంది. ప్రసంగం బైబిల్లోంచి వస్తుంది. ప్రకటన ఊళ్లోంచి రావాలి. రాకపోతే ఎక్కణ్ణుంచి వస్తోందో అడగాల్సి వుంది.

ఒక నవంబరు ఆదివారం అనంతగిరి మండలంలో ఒక కొండ సంఘానికి వెళ్లాం. బిషప్పుల పాలన కింద వున్న సంఘమే. ఊరి పేరు రాయడం లేదు, రాస్తే అక్కడి చిన్న ఉపదేశికి మాట వస్తుంది. రేకుల కప్పు, మట్టి నేల, ముందు నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. కొండదొరలు, వాల్మీకులు, కొన్ని కోందు కుటుంబాలు. ఆడవాళ్లే ఎక్కువ. మమ్మల్ని చూడగానే ఒక ముసలాయన లేచి కుర్చీ చూపించాడు. వద్దన్నాం. "దిగువనించి వొచ్చినోలు కిందెలా కూకుంటారు బాబూ" అన్నాడు. కూర్చున్నాం. ఆ కూర్చోవడం గురించి తర్వాత చెప్తాం.

ఆరాధన చివర 'రాబోయే కార్యక్రమాలు' అని అర ఠావు జిరాక్సు కాగితం పంచారు. క్యారల్స్ తేదీలు, విశాఖపట్నం నుంచి వచ్చే గాయక బృందంతో సెమీ క్రిస్మస్, దుప్పట్ల పంపిణీ, వైద్య శిబిరం, జనవరిలో కోతపండుగ, చివర్న కొత్త మందిరానికి శంకుస్థాపన. ఇందులో తప్పుపట్టేది ఏముందని ఎవరైనా అడుగుతారు. మేమూ మొదట అలాగే చదివాం. రెండోసారి చదివినప్పుడు క్రియాపదాలు చూశాం.

అతిథులు 'విచ్చేయుదురు'. దుప్పట్లు 'పంచబడును'. మందులు 'ఉచితముగా ఇవ్వబడును'. ఆశీర్వాదము 'అందించబడును'. ఇక సంఘస్తుల వంతుకు వచ్చిన క్రియ ఒక్కటే: 'సకాలములో హాజరు కావలెను'. అర ఠావు కాగితంలో ఆ ఊరివాళ్లు కర్తలుగా వున్న వాక్యం ఒక్కటి లేదు. పేర్లు వున్న మనుషులందరూ కొండ కిందివాళ్లు. కొండ మీదివాళ్లు 'సంఘస్తులు', 'స్త్రీలు', 'పిల్లలు', 'నిరుపేదలు'. వంట ఎవరు చేస్తారు? పందిరి గుంజలు ఎవరు కొట్టుకొస్తారు? గాయక బృందం తెచ్చిన స్పీకర్లు, రోడ్డు ఆగిపోయిన చోటినుంచి ఎవరి భుజాల మీద వస్తాయి? ఇవి కార్యక్రమాలు కావు కాబట్టి కాగితంలో లేవు.

ఆరాధన అయ్యాక ఇంకో ప్రకటనల కార్యక్రమం జరిగింది. అది బయట, చెట్టు కింద, ఆడవాళ్ల మధ్య, సగం తెలుగులో సగం ఆదివాసీ ఒడియాలో. పై ఊళ్లో నెలలు నిండిన పిల్లకు నొప్పులు వస్తే డోలీకి ఎవరెవరు వెళ్లాలి, ఎవరి చోడి చేను కోతకు రేపు ఎవరు బదులు వెళ్తారు, సంతలో రాజ్‌మా ధర ఎంత తగ్గించి అడుగుతున్నారు, కాఫీ పళ్లు ఎప్పుడు దించాలి. ఒక వితంతువు ఇంటి పైకప్పు జారిపోతే బుధవారం అందరూ కలిసి గడ్డి కప్పడం అక్కడే నిర్ణయమైంది. పావుగంటలో వారం మొత్తం సర్దుకున్నారు. అక్కడ ప్రతి వాక్యానికీ కర్త వుంది. సంఘ జీవితం అనేది ఎక్కడ వుందో అప్పుడు అర్థమైంది. దానికి జిరాక్సు లేదు.

పరాయి చర్చిని తిట్టడానికి ఇది రాయడం లేదు. మేం పుట్టింది మైదానంలో, మాలపల్లె చర్చి పక్కన. మా ఇంట్లో యూనివర్సిటీ మెట్లెక్కింది మేమే మొదలు. మాకు అక్షరాలు దిద్దించింది సండే స్కూలు పలకే. అందుకే మన చర్చి చరిత్ర గుర్తుచెయ్యాల్సి వుంది.

తెలుగు నేల మీద ఆంగ్లికన్ మిషన్ 1841లో మచిలీపట్నంలో దిగింది. రాబర్ట్ నోబుల్ బడి పెట్టి అగ్రవర్ణాల పిల్లలకోసం ఏళ్లు గడిపాడు. పల్లెలు కదిలింది ఆ బడివల్ల కాదు. 1859లో బాప్తిస్మం తీసుకున్న రాఘవాపురం మాల పగోలు వెంకయ్యవల్ల. దొర వెంకయ్యను వెతుక్కుంటూ రాలేదు, వెంకయ్యే దొరను వెతుక్కుంటూ పోయాడు. బాప్టిస్టుల వైపు 1866లో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కథా ఇలాంటిదే. మన చర్చికి పునాది వేసింది అడుక్కున్నవాళ్లు కాదు, అడిగినవాళ్లు.

తర్వాత దోర్నకల్. 1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య బిషప్పు అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పీఠమెక్కిన మొదటి భారతీయుడు. తిరునెల్వేలి నాడార్ కుటుంబంలో పుట్టిన తమిళుడు, తెలుగు నేర్చుకుని నిజాం రాజ్యంలో స్థిరపడ్డాడు. ఆయన్ని పూజించే అవసరం మాకు లేదు. ప్రత్యేక నియోజకవర్గాల్ని వ్యతిరేకించి, తన సంఘంలో అత్యధికులైన మాల మాదిగల రాజకీయ గొంతుకు ఆయన అడ్డం నిలిచాడనే విమర్శ వుంది, అందులో నిజం వుంది. కానీ ఆయన సంఘం నడిపిన పద్ధతిలో ఒకటి గమనించాలి. బాప్తిస్మం తీసుకున్న ప్రతి కూలివాడూ తన నెత్తిన చెయ్యి పెట్టుకుని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని ఒట్టు వేసుకునేవాడు. వెట్టి చేసేవాడికి ఒక పని అప్పగించారు, ఎవరి దగ్గరో పుచ్చుకునే పని కాదది. అన్నం వండేటప్పుడు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టే మా అమ్మమ్మ తాను బీదదాన్నని ఎప్పుడూ అనుకోలేదు, చర్చిని పోషిస్తున్నాను అనుకుంది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ దేవాలయం చూస్తే గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసే వుంటాయి. కట్టడానికి పాతికేళ్లు పట్టిందంటారు. పట్టనీ. అది అక్కడి నేలను చూసి కట్టిన కట్టడం.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఆ వారసత్వం అంతా అందులోకి వచ్చింది. ఈ కొండల్లో మాత్రం బిషప్పుల సంఘం ముందు వచ్చింది కాదు. విశాఖ మైదానం కెనడా బాప్టిస్టులది, కోరాపుట్-సాలూరు వైపు 1882 నుంచి జర్మన్ లూథరన్లది. మైదానపు డయాసిస్‌లనుంచి మన అయ్యగార్లు తర్వాత ఎక్కారు. ఎక్కినవాళ్లలో ఎక్కువమంది మాల మాదిగ బిడ్డలు. ఇందాకటి కుర్చీ సంగతి ఇదే. మా తాత ఆసామి అరుగు దగ్గర నిలబడే వున్నాడు. మేం కొండెక్కేసరికి మాకోసం ముసలాయన లేచాడు. దళితుడు కొండ మీద దొర అవుతాడు, చేతిలో బైబిలు వుంటే ఇంకా తొందరగా అవుతాడు. ఈ మాట మన పత్రికల్లో రాయడానికి మనకు మొహమాటం. రాయాలి.

కోతపండుగ దగ్గరకు వద్దాం. మైదానంలో మన కోతపండుగ ఎంత గొప్ప పండుగో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆనపకాయ, కోడిపుంజు, బస్తా వడ్లు, వేలంపాట. పది రూపాయల గుమ్మడికాయను పట్టింపుకొద్దీ ఐదొందలకు పాడిన రిక్షా అబ్బాయిని మేం చూశాం. ఆ పూట అతనే ఊరికి పెద్ద. ఈ పండుగ ఇంగ్లండు చర్చిలోకి ఇప్పుడున్న రూపంలో వచ్చింది 1843లో. కార్న్‌వాల్ సముద్రతీరపు మార్వెన్‌స్టో అనే పల్లెలో రాబర్ట్ హాకర్ అనే ఫాదిరీ, రైతుల కోత సంబరాన్ని గుడిలోకి పిలిచాడు. పంటకు మొక్కడం పాతదే, ఆయన దానికి చోటిచ్చాడు.

అనంతగిరి కొండల్లో పంటకు మొక్కడం ఇంకా పాతది. ఇక్కడ ఒక్క కోతపండుగ కాదు, పంట పంటకూ కొత్త వుంది. కొర్ర కొత్త, చిక్కుడు కొత్త, మామిడి కొత్త. కొత్త చెయ్యకుండా ఆ పంట నోట పెట్టరు. మొదటి ఫలం దేవుడిది అనే మాట ఈ జనానికి పాత నిబంధన చదివి తెలియాల్సినది కాదు. అయినా 'కొత్తలు తినకండి, అది విగ్రహాలది' అని చెప్పి, చోళ్లూ వడ్లూ ఇళ్లకు చేరి సగం అమ్ముడయ్యాక, అతిథులకు వీలైన జనవరి తారీఖున కోతపండుగ పెట్టారు. "అప్పటికి మా కాడ ఏటుంటాది బాబూ, డబ్బులే ఎయ్యాల" అంది ఒక అమ్మ. ఇంగ్లీషు రైతు సంబరానికి చోటిచ్చిన చర్చి కొండదొర కొత్తకు ఎందుకివ్వలేదు? విగ్రహం సంగతి కాదిది. ఎవరి సంబరం సంస్కృతి, ఎవరిది అంధకారం అనే లెక్క. ఆ లెక్క మనకు బాగా తెలిసిందే, మన డప్పు గురించీ అదే చెప్పారు.

ఇక కాగితంలో అసలే లేనివి. ఒకటి కుల ధ్రువపత్రం. 1950 షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా హిందువులు కానివాళ్లను తీసేసింది. 1956లో సిక్కుల్నీ 1990లో బౌద్ధుల్నీ కలిపారు, క్రైస్తవుల్ని కలపలేదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరాను తొలగించమని 2007లో చెప్పింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చి 24న రాష్ట్ర అసెంబ్లీ దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చమని తీర్మానించింది. అదే రోజు బోయ వాల్మీకుల్ని ఎస్టీల్లో చేర్చమని ఇంకో తీర్మానం చేస్తే ఏజెన్సీ భగ్గుమంది. 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు, క్రైస్తవం తీసుకున్నవాడికి అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని ఒక పాస్టరు కేసులో తీర్పు ఇచ్చింది.

కొండ మీద ఈ కథ ఇంకో మలుపు తిరుగుతుంది. షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. ఏజెన్సీలో వాల్మీకి ఎస్టీ, చర్చికి పోయినా ఎస్టీ. మానవశాస్త్రవేత్తలు చాలామంది ఈ వాల్మీకుల్ని డొంబు, పైడి జనంతో కలిపే చూశారు. సరిహద్దు దాటితే ఒడిశాలో డొంబు షెడ్యూల్డు కులం, చర్చికి పోతే కాదు. మైదానంలో పైడి షెడ్యూల్డు కులం, అక్కడా చర్చికి పోతే కాదు. పెళ్లి సంబంధాలు కలిసే ఊళ్ల మధ్య ఒకే కీర్తన పాడితే ఒక చోట హక్కు వుంటుంది, ఇంకో చోట పోతుంది. ఇప్పుడు మతం మారిన ఆదివాసుల్ని కూడా జాబితానుంచి తీసెయ్యాలనే డిమాండు దేశమంతా తిరుగుతోంది. రేపు ఈ రేకుల కింద కూర్చున్న ప్రతి ఇంటికీ తగిలే సంగతి ఇది. ఆ కాగితంలో దీని గురించి ఒక సమావేశం, ఒక గంట, ఒక వాక్యం లేదు. దుప్పట్లు వున్నాయి.

రెండోది నేల. శంకుస్థాపన జరిగే చోటు ఒక కొండదొర సోదరుడు 'ప్రభువుకు ఇచ్చిన' స్థలమని చదివారు. కాగితం ఎవరి పేరున రాస్తారని అడిగాం. కింద వున్న సంస్థ పేరున అన్నారు. 1959 భూబదలాయింపు నిబంధన, దాన్ని బిగించిన 1970 నాటి 1వ నిబంధన ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనుడికో, గిరిజనులే సభ్యులుగా వున్న సహకార సంఘానికో తప్ప ఎవరికి బదలాయించినా చెల్లదు. అమ్మకమే కాదు, లీజు, తాకట్టు, దానం అన్నీ బదలాయింపే. దేవుడి పేరున అడిగినా దానం దానమే. పైగా ఇది జరుగుతున్నది ఏ మండలంలో? బొర్రా పంచాయతీ ఊళ్లలో గనుల లీజుల మీద సమత సంస్థ కోర్టుకెక్కింది ఈ అనంతగిరి మండలంనుంచే. 1997 జూలై 11న సుప్రీంకోర్టు, చట్టంలో 'వ్యక్తి' అంటే ప్రభుత్వం కూడా అని చెప్పి, ఏజెన్సీ భూమిని సర్కారే గిరిజనేతరులకు లీజుకివ్వడానికి వీల్లేదంది. సర్కారుకు లేని వెసులుబాటు డయాసిస్‌కు ఎక్కణ్ణుంచి వస్తుంది? మనవాళ్లకు చెడ్డ ఉద్దేశం వుందని మేం అనడం లేదు. గనుల కంపెనీకీ ప్రార్థన మందిరానికీ తేడా తెలుసు. కానీ ఈ చట్టం ఉద్దేశాలు చూడదు, పేర్లు చూస్తుంది. మందిరం ఆ ఊరివాళ్ల పేరునే, ఆ ఊరివాళ్ల చేతిలోనే వుండాలి. అప్పుడు శంకుస్థాపన వాక్యానికి కర్తలు మారతారు.

ఉపదేశితో ఇదంతా చెప్పాం. ముప్ఫై ఏళ్లు కూడా నిండని కుర్రాడు, సొంత ఊరివాడు, జీతం అంటూ పెద్దగా లేనివాడు. మా మీద కోపగించుకోలేదు. "ఇది నేను సదివితే పైనోలు ఊరుకోరు సారూ" అన్నాడు. తర్వాత కాసేపు ఆలోచించి, కాగితం వెనక్కి తిప్పి, ఖాళీగా వున్న వైపు, బుధవారం గడ్డి కప్పడానికి రావాల్సిన వాళ్ల పేర్లు రాయడం మొదలుపెట్టాడు. పదకొండు పేర్లు రాశాడు. పన్నెండోది అడిగితే మా పేరు చెప్పాం.