పోయినామె గురించి నాలుగు ముక్కలు

మా యాడికిలో పెద్దవాళ్లెవరైనా పోతే దినాల కార్డుకు మాటలు రాసిపెట్టమని నా దగ్గరికి వస్తుంటారు. బడిపంతులుగా రిటైరైనవాడికి ఊరు అప్పజెప్పే పనుల్లో ఇదీ ఒకటి. పెళ్లికార్డయితే నా అవసరమే లేదు. అచ్చాఫీసులో నమూనాలుంటాయి, పేర్లు మార్చుకుంటే సరి. చావు కార్డుకూ నమూనాలు లేకపోలేదు. కానీ పోయిన మనిషి మీద పుట్టెడు ప్రేమ పెట్టుకుని వచ్చినవాళ్లకు అవి సరిపోవు. ‘మా అమ్మ గురించి నాలుగు ముక్కలు మంచిగా రాయండి సార్’ అంటారు. ఆ నాలుగు ముక్కల దగ్గరే చిక్కంతా.

మగవాడు పోతే సరుకు బోలెడు. ఫలానా ఏట వార్డు మెంబరుగా నిలబడ్డాడు, చేనికి నీళ్లు తెచ్చాడు, కోనలో అన్నదానం చేయించాడు, ఇంత ఆస్తి చేశాడు. అక్షరాలు తగ్గించడమే నా పని. అదే ఆడామె పోతే కొడుకు తల గోక్కుంటాడు.

ఆమధ్య ఒక మగ్గాల ఇంటి నుంచి వచ్చిన కొడుకు అదే చేశాడు. ‘ఏముండాది సార్ రాయనీకి? ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాండె కదా!’ ఫొటో అడిగితే ఆధార్ కార్డు తీశాడు. అందులో ఆమె తన మొహం తనకే కొత్త అన్నట్టుంది. చివరికి మనవరాలి పెళ్లి ఆల్బం వెతికి, గుంపులో నిలబడినదాన్ని కత్తిరించారు. డీటీపీ కుర్రాడు ఎంత తంటాలు పడినా ఆమె భుజం మీద ఎవరిదో గాజుల చెయ్యి మిగిలిపోయింది. నేనే ఉండనీమన్నాను.

కొడుకుతో లాభం లేదని ఇంటికి వెళ్లి కోడల్ని కదిపాను. ఆమె చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గడప దగ్గరే నిలబడి మొదలుపెట్టింది. ‘మగ్గం మీద కూచునేది మామ, సార్. అత్త కండెలు చుట్టకపోతే ఆ మగ్గం ఆడేదెట్లా? మూడు మగ్గాలకు ఆమె ఒక్కతే చుడతాండె. రాత్రి కరెంటు పోయినా ఆపేది కాదు. పట్టుపోగు తెగితే కండ్లతో కాదు, బొటనవేలితో ఎతుకుతాండె. చిమ్మచీకట్లో దొరకబట్టి అతికిస్తాండె. సేటు పట్టు తక్కువిచ్చినాడని తూకం ఏయకనే చెప్తాండె.’ అప్పటికి నా కాగితం రెండువైపులా నిండిపోయింది.

చేనేతలో కూలి చీరకింతని లెక్క. ఆ లెక్క మగ్గం మీద కూచున్నవాడి పేరునే నడుస్తుంది. ఆసు పోసి, కండెలు చుట్టి, పోగులతికే ఆడవాళ్ల పని అందులోనే కలిసిపోతుంది. సర్కారు లెక్కల్లో వీళ్లను అనుబంధ కార్మికులంటారు. కూలి రాసే పుస్తకంలో పేరు లేని మనిషికి కార్డు మీద నాలుగు ముక్కలు దొరక్కపోవడంలో కొడుకు తప్పేం లేదు.

ఈ చిక్కు మన అనంతపురం జిల్లాకు పాతదే. ఇక్కడ అందరికంటే పేరున్న ఊరి ఆడబిడ్డ ఎవరంటే ముసలమ్మ పేరే చెబుతారు. బుక్కరాయల కాలంలో, 1364లో అంటారు, మంత్రి చిక్కప్ప వడియారు పండమేరుకు అడ్డంగా పెద్ద చెరువు కట్టించాడు. అనంతపురం, బుక్కరాయసముద్రం రెండూ ఆ నీళ్ల ఒడ్డున వెలసినవే. ఊరంటూ లేని మెట్టమీద ముందు కట్ట, ఆ వెనుక ఊరు. తర్వాతెప్పుడో వానలకు కట్ట తెగింది. గంగమ్మ ఒకామెను పూని, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలిస్తే తప్ప గండి నిలవదని పలికింది. ఆ మాట విని ముసలమ్మ తనంతట తానే వెళ్లి గండిలో దిగింది. ఆ చోటును నేటికీ ముసలమ్మ కట్ట అంటారు.

బ్రౌన్ దొర 1853లో ఇంగ్లీషులో అచ్చు వేయించిన అనంతపురం చరిత్రలో ఈ కథ ఉంది. అక్కడి నుంచే కట్టమంచి రామలింగారెడ్డి దీన్ని తీసుకుని 1899లో కావ్యం కట్టారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుతున్నారు. ఆంధ్ర భాషాభిరంజని వారి పోటీలో బహుమతి వచ్చింది. కావ్యం పేరు ‘ముసలమ్మ మరణం’. ఆమె గుణాలను ఎంత పొగిడినా అట్ట మీద మిగిలింది మరణమే. సహగమనం చేసిన ఆడవాళ్లకు నిలిపిన మాస్తి రాళ్లు చూడండి, అక్కడా అదే వరస. గాజులు తొడిగిన చెయ్యి ఒకటి పైకెత్తి చెక్కి ఉంటుంది. ఆ చెయ్యి అంతకుముందు ఏం పని చేసిందో రాతికి పట్టదు.

నాకు తోచేదొకటుంది. గండి పూడింది మట్టితో, రాయితో. ఆ మట్టి గంపలకెత్తి మోసినవాళ్లలో సగం మంది ఆడవాళ్లే అయి ఉంటారు, ఇప్పటి ఉపాధి పనుల్లో లాగానే. చనిపోయిన ఒక్కతెను దేవతను చేసుకున్నాం. మిగతావాళ్లు మరుసటిరోజు పొద్దున కూడా గంప ఎత్తుకునే ఉంటారు.

సరిహద్దు దాటితే కన్నడంలో ‘కెరెగె హార’ అనే జానపద గేయం ఉంది. కథ దాదాపు ఇదే. మల్లనగౌడ చెరువు తవ్విస్తే నీళ్లు పడవు, చిన్నకోడలు భాగీరథిని బలివ్వాలని తేలుస్తారు. కానీ ఆ పాట ఒక పని చేసింది. చావబోయే ముందు భాగీరథిని పుట్టింటికి పంపింది. అమ్మానాన్నల్ని, స్నేహితురాలిని చూసుకుని వస్తుంది. ఆమెకంటూ ఒక ఊరు ఉందని మనకు తెలుస్తుంది. మన ముసలమ్మను మనం ఎరిగింది బసిరెడ్డి కోడలుగానే. ఈ విషయంలో పాట కట్టినవాళ్లకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ఇక కన్నకూతురే రాసిన కథ ఒకటి చూద్దాం. అమెరికాలో కొత్తగా ఊళ్లు లేస్తున్న రోజుల్లో కరోలిన్ ఇంగల్స్ అనే ఆమె విస్కాన్సిన్ అడవుల నుంచి డకోటా మైదానాల దాకా, బండి మీద సంసారం పెట్టుకుని తిరిగింది. పెళ్లికి ముందు పంతులమ్మ. మిన్నెసోటాలో వేసిన గోధుమ పంటను మిడతలు ఊడ్చేశాయి. 1924లో డి స్మెట్ అనే చిన్న ఊళ్లో కన్నుమూసింది. ఆమె కూతురు లారా అరవై అయిదో ఏట, 1932లో, ‘లిటిల్ హౌస్’ పుస్తకాలు వెలువరించడం మొదలుపెట్టబట్టి ఆమె వంట, కుట్టు, ఓర్పు లోకానికి తెలిశాయి. అయితే 1876లో తొమ్మిది నెలల కొడుకు పోయిన సంగతి ఆ పుస్తకాల్లో లేదు. కూతురే కలం పట్టినా కొన్ని ఎక్కవు. అచ్చాఫీసు కార్డులో నేను ఎంతని ఎక్కించగలను?

మగ్గాల ఇంటి కార్డులో కండెల మాట ఎక్కింది, బొటనవేలి మాట ఎక్కింది. సేటు తూకం సంగతి మాత్రం కొడుకు కొట్టేయించాడు. ‘రేపు పట్టు ఆయప్ప దగ్గరే తేవల్ల కదా సార్’ అన్నాడు. బతికున్నవాళ్ల అవసరం పోయినవాళ్ల గొప్ప కంటే పెద్దదే మరి. వాదించలేదు. దినాల రోజు భోజనాల దగ్గర ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఆ కార్డు ఒకరికొకరు చదివి వినిపించుకుంటుంటే చూశాను. ఇట్లాంటి కార్డులు నేను ఎన్నో రాశాను. అయితే విస్తరి ముందు కూచుని వాటిని చదువుకునేవాళ్లు అరుదు.

ఆ కార్డు చూసినవాళ్లలో ఒకామె, మా వెనక వీధిలో ఉంటుంది, మొన్న ఇంటికి వచ్చింది. గట్టిగానే ఉంది, ఇప్పుడిప్పుడే పోయేలా లేదు. ‘అయ్యవారూ, నాది ఇప్పుడే రాసిపెట్టు. మా వాళ్లనడిగితే వాళ్లు సగం తప్పు చెప్తారు’ అంది. కుర్చీ వేశాను. ఎక్కడ మొదలుపెట్టమంటావని అడిగితే పెళ్లి గురించో పిల్లల గురించో చెబుతుందనుకున్నాను.

‘మాది రాయలచెరువు’ అంది. ‘అది మొదట వెయ్యి. వీళ్లెవరికీ అది గురుతుండదు.’