బ్లోఅవుట్ అయిన ఏడు

డెస్కులో కూర్చుని ఇంగ్లీషు వార్తలు తెలుగు చేసేవాళ్లకు బ్లోఅవుట్ ఓ పట్టాన లొంగదు. ఎన్నికల పేజీలో అది ప్రత్యర్థిని చిత్తుగా ఓడించడం. రోడ్డు ప్రమాదంలో టైరు పేలడం. అమెరికా సెలూన్లలో జుట్టు ఆరబెట్టి సాపు చెయ్యడం. విడగొట్టి రాస్తే పుట్టినరోజు కొవ్వొత్తి ఊదెయ్యడం.

మా మండలం మామిడికుదురులో ఈ గొడవ లేదు. ఇంగ్లీషు అక్షరం రాని ముసలమ్మ కూడా "మా వాడు బ్లోఅవుట్ అయిన ఏడు పుట్టేడండి" అంటుంది. అంటే 1995. ఆ ఏడు జనవరి 8న మా మండలంలోని పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి అదుపు తప్పింది. విదేశాల నుంచి నిపుణుల్ని రప్పించి మార్చి 15న లొంగదీశారు. రెండు నెలల పైమాటే.

బావి తవ్వేటప్పుడు లోపలికి బరువైన బురద పంపుతుంటారు. కింది గ్యాసును అణచిపెట్టేది ఆ బరువే. ఒత్తిడిది పైచెయ్యి అయితే గ్యాసు బావిలోకి చొరబడి బురదను వెనక్కి తంతుంది. దాన్ని కిక్కు అంటారు. బావిని మూసెయ్యడానికి దాని మూతి దగ్గరుండే ప్రివెంటర్ కూడా దాన్ని ఆపలేకపోతే, అప్పుడది బ్లోఅవుట్. నిప్పు అంటుకున్నా, అంటుకోకపోయినా సరే. నిప్పంటుకున్న బావుల మంటల్ని ఆర్పడానికి చాలా దేశాల్లో పేలుడు పదార్థాలు కూడా వాడారు. ఆ దెబ్బకు మంటకు గాలి అందక ఆరిపోతుంది. ఇంగ్లీషువాడి కొవ్వొత్తి ఇక్కడ పనికొచ్చిందన్నమాట! నోటితో దీపం ఊదితే మా ఇళ్లలో పెద్దవాళ్లు కేకలేస్తారు, అది వేరే సంగతి.

నన్ను చికాకు పెట్టేది ఒక్కటే. 2014 జూన్ 27న మా మండలంలోనే నగరం గ్రామంలో జరిగినదాన్నీ ఇదే పేరుతో పిలవడం. అక్కడ అదుపు తప్పింది బావి కాదు. గెయిల్ పైపులైన్ నుంచి గ్యాసు లీకై ఊళ్లోకి పాకి, తెల్లారగట్ల అంటుకుంది. 20 మందికి పైగా చనిపోయారు. బ్లోఅవుట్ అని రాస్తే భూమిలోపలి ఒత్తిడి మీదికి నెట్టెయ్యొచ్చు. గొట్టం లీకైందంటే మాత్రం, దాన్ని ఎవరు చూసుకోవాలి, ఎప్పుడు చూశారు అని అడగాల్సి వస్తుంది. మా మండలంలో ఆ ప్రశ్న ఇంకా అడుగుతూనే ఉన్నారు.