పంది లేని చైనా

పంది మాంసం వండుకోవటం నేర్పే తెలుగు వంటలు ఇప్పుడు కనపడుతున్నాయి. జబ్బ, కాళ్లు, తోలూ కొవ్వూ కలిసిన పొట్టభాగం లాంటి చవక ముక్కలు తెచ్చుకోమంటారు. అల్లం, ఉల్లికాడలు, అనాసపువ్వు, దాల్చినచెక్క, సోయా సాస్, కాస్త చక్కెర వేసి రెండు మూడు గంటలు సన్నసెగ మీద ఉంచమంటారు. దానికి 'చైనా కూర' అని పేరు. వంట మంచిదే. నా అభ్యంతరం ఆ పేరు చేస్తున్న పని మీద. 'చైనా' అనగానే పంది మీదున్న కులం వాసన పోయినట్టు కనిపిస్తుంది. నిజానికి పోతున్నది కులం కాదు, తరతరాలుగా ఆ పందిని పెంచి, కాల్చి, కోసి, వండిన మనుషుల పేరు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాన్ని ఎదురుగా పెట్టుకుని ఈ సంగతి మాట్లాడుకోవాలి.

ముందు వంట సంగతి. చవక ముక్క అంటే జంతువు ఎక్కువ కదిలించిన కండ. అందులో పట్టుగా ఉండే కొల్లాజెన్ ఎక్కువ. పెద్దమంట మీద తొందరపెడితే మాంసం పీచు తేలి నోట్లో నలగదు. తడి ఉంచి సన్నసెగ మీద గంటల తరబడి ఉడికిస్తే అదే కొల్లాజెన్ కరిగి జిగురై రసాన్ని చిక్కబరుస్తుంది. చైనాలో సోయా, చక్కెరలతో ఇట్లా ఎర్రగా మగ్గబెట్టే పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. సూ తుంగ్‌పో (1037-1101) అనే కవి అధికారి 1080లో హ్వాంగ్‌చౌకి ప్రవాసం పోయి, అక్కడి చవక పందిమాంసాన్ని మెచ్చుకుంటూ రాశాడు. కలవాళ్లు దాన్ని చిన్నచూపు చూస్తారనీ, లేనివాళ్లకి వండటం చేతకాదనీ ఆయన అభిప్రాయం. చైనా వాళ్లు ఇప్పటికీ ఆయన పేరుతో ఒక పంది వంటకాన్ని పిలుచుకుంటారు.

లేనివాళ్లకి చేతకాదా? ఇక్కడే ఆ పెద్దమనిషితో మనకి పేచీ. సన్నసెగకి కావాల్సింది తీరిక, వంటచెరుకు. పొద్దుగూకేదాకా నాట్లేసి ఇంటికొచ్చిన కూలి మనిషికి మూడు గంటల మంట ఎక్కడిది? మాంసం చవకైతే కట్టెలు చవకా? ఆమెకి లేనిది తెలివి కాదు. అయినా మన డెల్టాలో లేనివాళ్లు దీనికీ దారి కనుక్కున్నారు. తెనాలి, రేపల్లె చుట్టూ వరి, రైస్ మిల్లులు, మిల్లు వెనక ఊక గుట్టలు. పొయ్యి నడిమధ్య సీసా నిలబెట్టి, చుట్టూ ఊక గట్టిగా కూరి, సీసా లాగేసి ఆ బొక్కలో నిప్పు పెడితే ఊకపొయ్యి గంటల కొద్దీ నిదానంగా కాలుతుంది. సన్నసెగ అంటే అదేగదా! వంటల పుస్తకాల్లో ఈ పరిజ్ఞానానికి చోటు దొరకదు. దాన్ని పేదరికం అంటారు. అదే సెగ మట్టి కుండ కింద కాకుండా ఖరీదైన పాత్ర కింద ఉంటే కళ అంటారు.

ఇక దినుసులు. చైనా ఐదు దినుసుల పొడిలో మామూలుగా ఉండేవి అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగం, సోంపు, సిచువాన్ మిరియం. ఇందులో నాలుగు తెనాలిలో ఏ కిరాణా కొట్టులోనైనా పొట్లం కట్టిస్తారు. అనాసపువ్వు దక్షిణ చైనా, ఉత్తర వియత్నాం కొండల చెట్టుది. పెళ్లి బిర్యానీల్లో ఎన్నడో చేరిపోయింది. దాన్ని ఇంట్లోకి రానిచ్చినందుకు ఎవరూ తలస్నానం చెయ్యలేదు. వాసనకి లేని అంటు మాంసానికి ఎందుకొచ్చింది? ఆ మాంసం ఎవరి చేతి నుంచి వస్తుందో తెలుసు గనక.

బజార్లో సాయంత్రం వెలిగే నూడుల్స్ బండిని చూడండి. చైనా జనం అన్ని మాంసాల కంటే ఎక్కువగా తినేది పందినే. వాళ్ల లిపిలో 'ఇల్లు' అనే అక్షరం రాయాలంటే ఒక కప్పు గీసి దాని కింద పంది గుర్తు పెడతారు. మన బండి మీద కోడి ఉంటుంది, గోబీ ఉంటుంది, పంది ఉండదు. బండి మీద 'హక్కా' అని రాసుంటుంది. ఆ హక్కాలెవరు? చైనా నుంచి వచ్చి కలకత్తా తాంగ్రాలో తోళ్లు శుద్ధి చేసిన జనం. సవర్ణ హిందువులు అంటనన్న పని గనక అది వాళ్ల చేతికొచ్చింది. కలకత్తా తోళ్ల కార్ఖానాలు ఊరి బయటికి పోవాలని 1996లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మాదిగ చేసిన పనే వాళ్లూ చేశారు. వాళ్ల పేరు బండెక్కి మన దాకా వచ్చింది. వాళ్ల తోలూ, వాళ్ల పందీ దారిలోనే దిగిపోయాయి. ఇప్పుడొచ్చిన కొత్త వంట పందిని మళ్లీ ఎక్కించింది, సంతోషమే. అయితే దిగొచ్చింది చైనా నుంచేనని నమ్మబలుకుతోంది.

పంది ఇక్కడే ఉంది. బాపట్లకి దగ్గర్లో స్టూవర్టుపురం ఉంది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కొత్త రూపంలో 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చాక, ఎరుకల్ని పుట్టుకతో నేరస్థులుగా లెక్కగట్టి సాల్వేషన్ ఆర్మీ కాపలాలో అక్కడ పెట్టారు. ఊరికి హెరాల్డ్ స్టూవర్ట్ అనే తెల్ల అధికారి పేరు పెట్టారు. చట్టం 1952లో పోయింది, చూపు పోలేదు. బుట్టలల్లటం, పందుల్ని పెంచటం ఎరుకల పాత వృత్తులు. భూమి లేనివాళ్లకి పంది బ్యాంకు లాంటిది. సుమారు 114 రోజులకి ఈనుతుంది, ఒక ఈతకి అరడజనుకు పైగా పిల్లల్ని పెడుతుంది, ఊరు పారేసిన దాన్ని తిని మాంసం చేస్తుంది. 'మురికి' అంటారా? పంది కండలో బద్దెపురుగు తిత్తులు వచ్చేది మనిషి మలం తిన్నప్పుడు. మరుగుదొడ్డి, మురుగుకాలవ కట్టని తప్పు మునిసిపాలిటీది, నింద మాత్రం పందిది, దాని యజమానిది. బాగా ఉడికించటమే దీనికి విరుగుడు. ఆ జాగ్రత్త తినేవాళ్లకి తెలుసు. శుభ్రం గురించి ఈ ప్రాంతపు పెత్తందార్లు మాట్లాడేటప్పుడు చీరాల పక్కనున్న కారంచేడుని గుర్తు చెయ్యాలి. 1985 జులైలో మాదిగలు తాగే చెరువుని గొడ్ల కుడితి బకెట్లతో పాడుచేసిందెవరు? అదేమని అడిగినందుకు వెంటాడి ఆరుగుర్ని చంపిందెవరు?

ఈ విమర్శని మన మీదికి కూడా తిప్పుకోవాలి. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో పెద్దకూర పండుగ జరిగింది. దాడుల్ని తట్టుకుని అది తిండి రాజకీయాన్ని వీధిలోకి తెచ్చింది. మరాఠ్వాడా మహర్, మాంగుల వంటల మీద షాహూ పటోలే మరాఠీలో 2015లో పుస్తకమే వేశారు. పెద్దకూర జెండా అయింది. పంది మాత్రం గుడిసె దగ్గరే ఉండిపోయింది. కారణం వెతికితే మన మధ్య మెట్లే కనపడతాయి. మాలమాదిగల్లో పంది తినేవాళ్లున్నారు, తిననివాళ్లున్నారు. తిననివాళ్లలో కొందరు తినేవాళ్లని చూసి మూతి విరుస్తారు. ఎరుకల, యానాది మనుషులు మన సభల్లో వేదిక మీద కూచోరు. 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా మనలోని ఎక్కువతక్కువల్ని అడిగింది. ఆ ప్రశ్న వంటగదిలోకి ఇంకా పూర్తిగా రాలేదు. 'దళిత వంట' అని ఒకే మూకుట్లో అన్నీ వెయ్యటం కూడా ఒకరి పేరు చెరిపెయ్యటమే.

కాబట్టి పంది కూర వండుకుందాం. సోయా సాస్ వేసినా సరే, గోంగూర, గుంటూరు కారం వేసినా సరే. పెద్ద ముక్కలు కోసి, ఒకసారి ఉడుకునీళ్లలో వేసి తీసి, నీళ్లు తక్కువగా పోసి, మూత పెట్టి ఓపికగా మగ్గనివ్వండి. వంట రాసేవాళ్లు మాత్రం అనాసపువ్వు ఏ దేశానిదో రాసినట్టే, పంది ఏ వాడలో పెరిగిందో, ఎవరు తాటాకు మంట మీద కాల్చి గీకారో, వాళ్లకి కిలోకి ఎంత మిగిలిందో కూడా రాయాలి. తెలుగులో దానికి 'పంది కూర' అనే పేరుంది. ఆ పేరుతోనే చుట్టాన్ని పిలిచి వడ్డించగలిగిన నాడు ఆ కూర వండిన ఇల్లు మారినట్టు లెక్క.