ఎవరు ఏది గుర్తుపెట్టుకోవాలి

బ్రౌజర్‌లో ఇన్‌బాక్స్ తెరిచాం. ఆ పేజీని మొదటి సర్వర్ పంపింది. అందులో ఒక ఉత్తరం మీద క్లిక్ చేయగానే లోడ్ బ్యాలెన్సర్ మనల్ని మూడో సర్వర్‌కు మళ్లించింది. ఆ మూడోది మనల్ని ఎన్నడూ చూసి ఎరగదు. అయినా పాస్‌వర్డ్ మళ్లీ అడగకుండా ఉత్తరం తెరిచి పెడుతుంది. వెబ్ పేజీలు చూపే రౌండ్‌క్యూబ్, ఉత్తరాలు అందించే మెయిల్ సర్వర్ డవ్‌కాట్, వాటిని దాచే మెయిల్‌డిర్‌లతో కట్టిన వెబ్‌మెయిల్ క్లస్టర్‌ను ఎన్నిసార్లు విప్పి చూసినా నాకు ముచ్చటేసేది ఇక్కడే. ఏ సంగతిని ఎవరు గుర్తుపెట్టుకోవాలి, ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలి అన్న పంపకంలోనే ఉంది దీని పనితనం.

1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ రూపొందించిన ఐమ్యాప్, అంటే మెయిల్ సర్వర్‌లోని ఉత్తరాలను చదివే ప్రోటోకాల్, తీరుబడిగా కూర్చుని మాట్లాడే రకం. ఒకసారి లాగిన్ అయితే ఆ కనెక్షన్ మీదే గంటలు గడపొచ్చు. వెబ్‌కు ప్రతి క్లిక్కూ కొత్త పరిచయమే. పీహెచ్‌పీలో రాసిన రౌండ్‌క్యూబ్ పేజీ ఇచ్చేశాక అన్నీ మరిచిపోతుంది. తర్వాతి క్లిక్కుకు ఐమ్యాప్ దగ్గర మళ్లీ లాగిన్ కావాలంటే పాస్‌వర్డ్ ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. రౌండ్‌క్యూబ్ దాన్ని గుప్తీకరించి సెషన్‌లోకి చేర్చి, డేటాబేస్‌లో ఉంచుతుంది. విప్పే తాళంచెవి మాత్రం అక్కడ ఉండదు. ‘డెస్ కీ’ అనే పేరుతో 24 అక్షరాల ఆ చెవి వెబ్ సర్వర్ కాన్ఫిగరేషన్ ఫైల్లో ఉంటుంది. డేటాబేస్‌ను ఎత్తుకెళ్లినవాడికి పెట్టె చిక్కినా చెవి చిక్కదు. క్లస్టర్ కట్టేవాళ్లు అన్ని వెబ్ సర్వర్లకూ ఒకే డేటాబేస్‌ను చూపించి, అన్నింట్లోనూ అదే చెవిని అక్షరం పొల్లుపోకుండా పెట్టాలి. ఒక్క సర్వర్‌లో తేడా ఉన్నా, క్లిక్ అటు వెళ్లినప్పుడల్లా మనిషి లాగిన్ పేజీలోకి వచ్చి పడతాడు. నాలుగుసార్లు బాగానే ఉండి అయిదోసారి తన్నే ఇలాంటి తప్పును పట్టుకోవడం చాలా కష్టం.

ఇక్కడే ఇంకో చిన్న సర్దుబాటు కావాలి. డవ్‌కాట్‌కు ఒక్కో వెబ్ సర్వర్ ద్వారా వచ్చే జనమంతా ఒకే ఐపీ చిరునామా నుంచి వస్తున్నట్టు కనిపిస్తారు. ఎవరో పాస్‌వర్డ్ పదేపదే తప్పు కొడితే, ఆ చిరునామాకు పడే ఆలస్యాన్ని అందరూ మోయాలి. వెబ్ సర్వర్లను నమ్మదగిన నెట్‌వర్క్‌గా చెప్పి, అసలు చిరునామాను వాటిచేత పంపిస్తే ఆ బెడద తీరుతుంది.

ఫిన్లాండ్‌కు చెందిన టిమో సిరైనెన్ 2002లో తొలిసారి విడుదల చేసిన డవ్‌కాట్, వేగం కోసం ప్రతి మెయిల్ పెట్టెకూ సూచిక ఫైళ్లు రాసుకుంటుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ అనే నెట్‌వర్క్ డిస్క్ మీద రెండు సర్వర్లు ఒకేసారి ఒకే మనిషి సూచికలు రాస్తే అవి చెడిపోతాయి. దీనికి 2.0లో వచ్చిన విరుగుడే డైరెక్టర్. యూజర్ పేరు నుంచి ఒక సంఖ్య లెక్కగట్టి, ఫోన్ నుంచి వచ్చినా వెబ్‌మెయిల్ నుంచి వచ్చినా ఆ మనిషిని ఒకే సర్వర్‌కు పంపుతుంది. చివరి కనెక్షన్ తెగాక కూడా మామూలుగా 15 నిమిషాలు ఆ జతను గుర్తుంచుకుంటుంది. క్లిక్కు క్లిక్కుకూ తెగిపోయే వెబ్‌మెయిల్‌కు ఈ 15 నిమిషాలే ప్రాణం. మధ్యలో కొత్త సర్వర్‌ను చేర్చినా, ఉత్తరాలు చదువుకుంటున్నవాళ్లు ఉన్నచోటే ఉంటారు. 2.4లో ఉచిత డవ్‌కాట్ నుంచి డైరెక్టర్‌ను తీసేయడం నాకు వెలితిగానే ఉంది.

అన్నింటికంటే అడుగున, డేనియల్ బెర్న్‌స్టీన్ తన మెయిల్ సర్వర్ క్యూమెయిల్ కోసం చేసిన మెయిల్‌డిర్ ఉంది. ఉత్తరానికొక ఫైలు, పెట్టెకు మూడు డైరెక్టరీలు: టెంప్, న్యూ, కర్. వచ్చిన ఉత్తరాన్ని ముందు టెంప్‌లో రాస్తారు. చివరి అక్షరం దాకా డిస్క్ మీద పడ్డాకే న్యూలోకి చేరుస్తారు. మధ్యలో కరెంటు పోతే ఆ సగం ఉత్తరం టెంప్‌లోనే ఉండిపోతుంది, ఎవరి కంటా పడదు. ఫైలు పేరులో సమయం, ప్రాసెస్ సంఖ్య, సర్వర్ పేరు ఉంటాయి గనుక రెండు సర్వర్లు ఒకే సెకనులో ఉత్తరాలు దించినా పేర్లు కలవవు. నెట్‌వర్క్ డిస్క్ మీద తాళాలను నమ్మలేని రోజుల్లో, తాళమే అక్కర్లేని పెట్టె చేశాడాయన.

చదివామా లేదా అన్నది కూడా పేరులోనే ఉంటుంది. అందుకు వేరే పట్టిక లేదు. మెయిల్ ప్రోగ్రామ్ కంటపడిన ఉత్తరం న్యూ నుంచి కర్‌లోకి మారుతుంది. జవాబిస్తే ఫైలు పేరు చివర ఆర్, ముఖ్యమని గుర్తు పెడితే ఎఫ్ చేరతాయి. మనల్ని ఎరగని ఆ మూడో సర్వర్ మీద పడిన క్లిక్కు ఇంతదూరం దిగివచ్చి చేసేది ఒక్కటే: ఆ పేరుకు ఒక ఎస్ తగిలిస్తుంది.